అనుమానాస్పదమైన అన్యోన్యత

పరాయి దేశం వాళ్ళని పెళ్ళి చేసుకున్నవాళ్ళ కాపురం అసలుదో నకిలీదో తేల్చడానికి ఊళ్ళో ప్రభుత్వం ఒక కార్యాలయం తెరిచిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు, ఆ గేటుకి ఎదురుగా జిరాక్సు షాపు నడుపుకుంటున్న సన్నిబాబు. ప్రభుత్వం ఏ కొత్త అనుమానం పడ్డా దాన్ని మూడు కాపీల్లో పడుతుందని అతనికి అనుభవం మీద తెలుసు.

కార్యాలయం పేరు విదేశీయ జీవిత భాగస్వామ్య వాస్తవికతా నిర్ధారణ సంచాలక కార్యాలయం. బోర్డు గోడకంటే పొడుగొచ్చింది. గోడ పెంచడానికి నిధులు లేవు గనక బోర్డునే మధ్యకి విరిచి, మిగతా సగం సందువైపు బిగించారు. రోడ్డుమీంచి వచ్చేవాళ్ళకి ఒక సగం, సందులోంచి వచ్చేవాళ్ళకి ఇంకో సగం కనబడేది. జనం ఆ బాధ పడలేక కాపురాలాఫీసు అన్నారు.

ఎక్కడో ఎవరో ఈ దేశంలో ఉండిపోవడానికి కాగితం మీద మాత్రమే పెళ్ళి చేసుకున్నారట. ఆ ఒక్కరినీ పట్టుకోవడం కష్టమని తేలింది కాబట్టి అందరినీ పట్టుకోవాలని నిర్ణయమైంది. విదేశీ భార్యకి గానీ భర్తకి గానీ శాశ్వత నివాస పత్రం ఇవ్వాలంటే ముందు ఆ కాపురం నిజమైనదని కార్యాలయం నమ్మాలి. నమ్మడం కార్యాలయాలకి అలవాటు లేని పని. అందుకని దానికి నిబంధనలు రాసుకున్నారు.

మొదటి నిబంధన తేలికే. దంపతులని చెరో గదిలో కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు వేస్తారు. మీ ఆయన ఏ పక్కకి తిరిగి పడుకుంటాడు, మీ ఆవిడ టీలో పంచదార ఎంత వేసుకుంటుంది, మీ ఇంట్లో దువ్వెన ఏ రంగు. ఇద్దరి జవాబులూ కలిస్తే కాపురం నిజం. కలవకపోతే విదేశీయులు పెట్టె సర్దుకోవాలి.

పరీక్షంటూ ఒకటి ఉన్నాక మన ఊళ్ళో కోచింగ్ సెంటరు లేకుండా ఎలా ఉంటుంది? అంతవరకూ ఇంజనీరింగు ప్రవేశపరీక్షకి లెక్కలు చెప్పుకుంటున్న ఈశ్వర్రావు మాస్టారు, సన్నిబాబు షాపు మీద మేడలో దాంపత్య అకాడమీ పెట్టాడు. పొద్దున బ్యాచి, సాయంత్రం బ్యాచి, ఆదివారం మోడల్ టెస్టు. గెలిచిన జంటల ఫోటోలతో వీధి చివర పెద్ద ఫ్లెక్సీ కట్టాడు. అందులో మొదటి ర్యాంకు వచ్చిన దంపతులు దండలు వేసుకుని, పెళ్ళిలోకంటే ఎక్కువ సంతోషంగా ఉన్నారు.

మాస్టారిది పదునైన బుర్ర. గుర్తుపెట్టుకోవడం దేనికి, ఇంట్లో అన్నీ నీలం రంగువే కొనెయ్యండి అని సులువు చెప్పాడు. దువ్వెన నీలం, బకెట్టు నీలం, తువ్వాలు నీలం, దుప్పటి నీలం. ఆ ఏడాది వీధిలో ప్లాస్టిక్కు సామాన్ల కొట్టువాడు ఇంకో రంగు సరుకు తెప్పించడం మానేశాడు. మాస్టారి నోట్సులన్నీ కింద షాపులోనే జిరాక్సు అయ్యేవి. సన్నిబాబు రోజుకోసారి ఆఫీసు గేటుకేసి తిరిగి మనసులో దండం పెట్టుకునేవాడు.

అలాంటివాడు ఆ గేటులోకి తనే వెళ్ళవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఇంద్రాణి మారిషస్ పిల్ల. ఆమె ముత్తాతలు ఏనాడో కోరంగి రేవులో ఓడెక్కి అక్కడి చెరకు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళు. సింహాద్రి అప్పన్నని చూడాలని ఒక్కర్తీ బయల్దేరి వచ్చింది. తెలుగు బళ్ళో పుస్తకాల్లోంచి కొంతా, నాయనమ్మ పాడే రామభజనల్లోంచి కొంతా నేర్చుకుంది. పాస్‌పోర్టు కాపీ తీయించుకోవడానికి సన్నిబాబు షాపుకి వచ్చినప్పుడు మెషీనులో కాగితం ఇరుక్కుంది. అతను దాన్ని గుద్దబోతుంటే ఆమె ఆపి, "మీ యంత్రము మిక్కిలి అలసియున్నట్లున్నది. దానికి కొంత విశ్రాంతి నొసంగుడు" అంది.

తన మెషీను గురించి ఒక మనిషి దయగా మాట్లాడడం సన్నిబాబు ఎప్పుడూ వినలేదు. ఆ పూట షాపు మూసేశాడు. తర్వాత కొన్నాళ్ళకి అప్పన్న కొండమీదే పెళ్ళయింది. సన్నిబాబుకి వెనకా ముందూ ఎవరూ లేరు కాబట్టి, అద్దెకున్న ఇంటి ఆవిడ ఎర్నమ్మే పెళ్ళిపెద్ద. అతనావిణ్ణి అత్తా అంటాడు.

వానాకాలం పోయేసరికి ఇంద్రాణి వీసా అయిపోతుంది. ఈలోగా కాపురాలాఫీసు నివాస పత్రం ఇస్తే సరే. ఇవ్వకపోతే ఆమె వెనక్కి వెళ్ళిపోయి అక్కణ్ణించి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. అలా వెళ్ళినవాళ్ళ కాగితాలు ఇన్నాళ్ళూ జిరాక్సు తీసింది సన్నిబాబే. తిరిగొచ్చినవాళ్ళెవరూ అతనికి గుర్తు లేరు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా వీసా తేదీ మళ్ళీ లెక్కపెట్టుకునేవాడు.

అయినా కోచింగుకి వెళ్ళలేదు. "మనది నిజమైన కాపురమే కదా, మళ్ళీ నేర్చుకోవడం దేనికి" అన్నాడు భార్యతో. పప్పులో కాలేశాడు.

ఇంటర్వ్యూ చేసినవాడు సంయుక్త సంచాలకులు భవానీశంకరం గారు. నుదుటిమీద విభూతి, కళ్ళజోడుకి గొలుసు. ఆ ఆఫీసులో అడుగుపెట్టాక ఇంద్రాణికి మొదటిసారి ఈ దేశంలో తన తెలుగు చెల్లుతోందనిపించింది. బంట్రోతుతో సహా అందరూ ఆమె పుస్తకాల భాషలోనే మాట్లాడుతున్నారు.

ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి అడిగారు. దువ్వెన రంగు అడిగారు. భర్త అన్నంలో మొదట ఏం కలుపుకుంటాడో అడిగారు. ఆఖరికి భవానీశంకరం గారు మాస్టారి నోట్సులో ఎక్కడా లేని ప్రశ్న వేశారు. నిన్న రాత్రి ఇంట్లో ఏ దీపం ఆర్పడం మరిచారు అని. వంటింట్లోది, ఎర్నమ్మత్త కిందనించి కేకేస్తే సన్నిబాబు లేచి ఆర్పాడు అని ఇద్దరూ చెప్పారు. లేచినప్పుడు పీట తగిలి తూలాడని కూడా ఇద్దరూ చెప్పారు.

తర్వాత ఇద్దరినీ ఒక చోటికి పిలిచారు.

"సమాధానములన్నియు సరిపోయినవి" అన్నారు భవానీశంకరం గారు.

సన్నిబాబు చేతులు జోడించాడు.

"అదియే విచారకరము" అన్నారాయన. "గతవారమే ఉత్తర్వు వచ్చినది. ఇటీవల దరఖాస్తుదారుల సమాధానములు మితిమీరి ఏకీభవించుచున్నవి. మా సిబ్బంది ఏ ఇంట తనిఖీకి వెళ్ళినను నీలము రంగు తప్ప వేరు కనబడుట లేదు. కావున సమాధానములలో గణనీయమైన భాగము కలిసినచో సదరు కాపురము శిక్షణ పొందినదిగా భావింపబడును. తమరివి సమస్తము కలిసినవి."

"మేము శిక్షణ తీసుకోలేదు సార్. మా ఇంట్లో దువ్వెన నల్లది."

"ఇరువురును నలుపనియే చెప్పితిరి కదా. పీట తగిలిన సంగతి భార్యకేల తెలియవలెను? లోకములో ఏ భార్య చూచును? నేను ముప్పది సంవత్సరములుగా సంసారినే." భవానీశంకరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని ఫైలు మీద ఎర్రసిరాతో రాశారు. అనుమానాస్పదమైన అన్యోన్యత అని.

ఇంకొక అవకాశం ఉంది. నెల తిరక్కముందే మళ్ళీ హాజరవ్వాలి. అది ఆఖరిది.

ఆ సాయంత్రమే సన్నిబాబు భార్యని వెంటబెట్టుకుని మేడెక్కాడు. ఈశ్వర్రావు మాస్టారు అప్పటికే సిలబస్ మార్చేశాడు. బోర్డుమీద 'తప్పు జవాబులు: ముఖ్యమైనవి' అని రాసి ఉంది.

"కింద షాపు పెట్టుకుని పైకి రావడానికి ఇన్నాళ్ళు పట్టిందేంటయ్యా" అన్నాడు మాస్టారు. "సరే, కూర్చో. మొగుడికి పెళ్ళాం పుట్టినరోజు తెలీకూడదు. పెళ్ళానికి మొగుడి చెప్పుల సైజు తెలీకూడదు. ఇవి రెండూ కంపల్సరీ. మిగతావాటిలో చాయిస్."

ఒక వారం ఆ తప్పులన్నీ బట్టీ పట్టారు. ఇంద్రాణి పుట్టినరోజు ఆ వారంలోనే వచ్చింది. ప్రాక్టీసు పాడవుతుందని సన్నిబాబు ఆ రోజంతా తెలీనట్టే తిరిగి, సాయంత్రం ఆగలేక రెండు మూరల మల్లెపూలు తెచ్చి కిటికీలో పెట్టి, ఎవరో మరిచిపోయారన్నాడు.

ఇంతలో ఇంకో ఉత్తర్వు దిగింది. అకాడమీ దంపతులందరూ ఒకే తప్పులు చేస్తున్నారని కార్యాలయం పసిగట్టింది. మాటలకి శిక్షణ ఇవ్వవచ్చు, కోపానికి ఇవ్వలేరు అని పైవాళ్ళెవరికో తట్టింది. ఇకమీదట దంపతులు అధికారుల సమక్షంలో సహజముగా కలహించవలెను. దాన్ని బట్టి కాపురం నిజమో కాదో తేలుస్తారు.

ఈశ్వర్రావు మాస్టారు ఉత్తర్వు చదివి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కొత్త బ్యాచి మొదలైంది.

"నీ పెళ్ళాంలో నీకు నచ్చనిదేంటి?" అని సన్నిబాబుని నిలబెట్టి అడిగాడు.

సన్నిబాబు చాలాసేపు తల గోక్కున్నాడు. "బస్సెక్కేటప్పుడు కండక్టరుకి దండం పెడుతుందండి. వెనకవాళ్ళు గొడవ చేస్తారు."

"దానికి అరమార్కు కూడా రాదు. ఒక సూత్రం రాసుకో. ఆఫీసరు ఏది అడిగినా సరే, నిన్ను మంచివాడిలా చూపించే జవాబు మాత్రం చెప్పకు. చెప్పావా, పోయావే."

ఇంటి దగ్గర కూడా సాధన చెయ్యమన్నాడు. మర్నాడు భోజనాల దగ్గర సన్నిబాబు గొంతు సవరించుకుని, కూరలో ఉప్పు లేదన్నాడు. ఇంద్రాణి గరిటె కింద పెట్టి నిటారుగా కూర్చుంది.

"మీరు అకారణముగా నన్ను నిందించుచున్నారు" అంది. "ఇది నాకు మిక్కిలి మనస్తాపము కలిగించుచున్నది. మీ ప్రవర్తన గర్హణీయము."

సన్నిబాబుకి నవ్వాగలేదు. అన్నం పొలమారింది. ఇంద్రాణి పరుగెత్తుకొచ్చి నెత్తిమీద తట్టి నీళ్ళు తాగించింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఎర్నమ్మ బుగ్గ నొక్కుకుంది.

"ఇదేటమ్మా తగువు, హరికతలాగుంది. మొగుడు సత్తాడని నీలు కూడా తాగించీసినావు. ఇలగైతే ఆలు నిన్ను ఓడెక్కించీడం ఖాయం. రేపు కుళాయి కాడికి రా. నాను సెప్తాను."

కుళాయి దగ్గర ఇంద్రాణి చదువు మొదలైంది. "సేతులు నడుం మీదెయ్యాల. మాట ముందొద్దు, సూపు ముందు. ఉప్పుకాడ మొదలెట్టినా ఉప్పుకాడ ఆగకూడదు" అని ఎర్నమ్మ చెబుతుంటే, బిందెలతో వచ్చినవాళ్ళు కూడా ఆగి తలా ఒకటీ కలిపేవారు. ఇంద్రాణి అన్నీ శ్రద్ధగా వినేది. అనమంటే మాత్రం, "నాకు కోపము వచ్చుట లేదు పిన్నీ. ఆయన మంచివారు" అనేది. ఆ మాటకి కుళాయి దగ్గర అందరూ జాలిపడేవారు.

పరీక్ష రోజు వచ్చింది. ఆఫీసులో పాత రికార్డుల గది ఖాళీ చేసి సహజ కలహ మందిరం అని పేరు పెట్టారు. సంసారం వాతావరణం కోసం ఒక గ్యాసు పొయ్యి, ఒక మంచం, వైరు లేని టీవీ, గోడకి కేలండరు, బల్లమీద స్టీలు గ్లాసులు అమర్చారు. ఎదురుగా బల్ల వెనక భవానీశంకరం గారూ, మార్కులు వేసుకునే ఇద్దరు ఉద్యోగులూ. స్వరానికి ఇన్ని, విషయ వైవిధ్యానికి ఇన్ని, పాత సంగతులు తవ్వినందుకు ఇన్ని. వీళ్ళకంటే ముందు వెళ్ళిన జంటని, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగి విన్నారని ఫెయిల్ చేశారు.

సన్నిబాబు ఉప్పు సంగతి ఎత్తాడు. గొంతు వణికింది. ఇంద్రాణి నడుంమీద చేతులు వేసుకుంది గానీ, సగంలో తన మాట తనకే కటువుగా అనిపించి "క్షమింపుడు" అంది. ఉద్యోగులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పెన్నులు కింద పెట్టేశారు.  పెట్టె, విమానం, సముద్రం, అన్నీ ఒక్కసారి సన్నిబాబు కళ్ళముందు తిరిగాయి.

భవానీశంకరం గారు నిట్టూర్చారు. "తుది ప్రశ్న. సన్యాసిరావు గారూ, ఈమెను స్వదేశమునకు పంపివేసిన బాగుండునని తమకెన్నడైనను తోచినదా?" అని సన్నిబాబుని కాగితాల మీది పేరుతో పిలిచి అడిగారు.

మాస్టారి సూత్రం సన్నిబాబు బుర్రలో గంటలా మోగింది.

"రోజూ అనుకుంటానండి" అన్నాడు. "పొద్దున్న షాపు తీస్తున్నప్పుడు మరీను."

ఉద్యోగులిద్దరూ గబగబా పెన్నులందుకున్నారు. సన్నిబాబుకి ఊపిరి వచ్చింది. గట్టెక్కాననుకుని భార్యకేసి చూశాడు. ఆమె చేతులు నడుంమీంచి జారిపోయి ఉన్నాయి. ముఖంలో రక్తం లేదు.

"ఏటన్నావు?" అంది ఇంద్రాణి.

ఆ మాట ఎవరందో సన్నిబాబుకి ముందు తెలీలేదు. గుమ్మంవైపు చూశాడు, ఎర్నమ్మత్త వచ్చిందేమోనని.

"అటేటి సూస్తన్నావు? మల్లీ సెప్పు. నేర్పింది సెప్పినావా, నేర్పకుండానే వొచ్చీసిందా?"

"అది కాదే, వీళ్ళ కోసం..."

"ఈల కోసం అంత సక్కగా అనీగలవా? తడుముకోనేదు, గొంతు వొణకనేదు. ఉప్పు నేదని అబద్దమాడ్డానికి నీకు సెమట్లు పట్టినాయి. నన్ను పంపీడానికి పట్టనేదేటి? మా అమ్మ నొదులుకుని సముద్రం దాటొచ్చినాను. నాకక్కడ ఇల్లు నేదేటి, పెరడు నేదేటి? నీ కాడేటుంది, ఆ మెషీను సెగ తప్ప?"

సన్నిబాబుకి కూడా తిక్క రేగింది. ఇన్నాళ్ళ భయం ఒక్కసారి కోపమై బయటికొచ్చింది. "నీకోసమే కదా ఇదంతా. షాపు మూసుకుని మేడమీద తిట్లు నేర్చుకుంటున్నాను. నిన్ను చేసుకోకముందు ఈ గేటులో అడుగుపెట్టే ఖర్మ నాకు లేదు."

"అయితే పంపీ. నాకు నీ కాగితమొద్దు, నీ కాపురమొద్దు. నాను పోతాను." చేతికందిన స్టీలు గ్లాసు తీసి విసిరింది. అది అతనికి తగల్లేదు. గోడమీది కేలండరుకి తగిలితే, కేలండరు మేకుతో సహా కింద పడింది.

భవానీశంకరం గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఇట్టి వాస్తవికత నా సర్వీసులో చూచి యెరుగను" అన్నారు. "పత్రము వలదని దరఖాస్తుదారు స్వయముగా పలుకుట పరాకాష్ఠ. మంజూరు చేయుచున్నాను."

"సార్, ఆవిడ నిజంగానే వెళ్ళిపోతానంటోంది" అన్నాడు సన్నిబాబు.

"అందువలననే మంజూరు" అని ముద్ర కొట్టారు.

పత్రం పట్టుకుని సన్నిబాబు బయటికి వచ్చేసరికి ఇంద్రాణి షాపు మెట్టుమీద కూర్చుని ఉంది. షట్టరు దించి ఉంది. అతను పక్కన కూర్చుని పత్రం చాపాడు. తీసుకోలేదు. ఎదుటి బడ్డీలోంచి సోడా తెచ్చి ఇచ్చాడు. అదీ ముట్టుకోలేదు. ఇంత కష్టపడి దక్కించుకున్న మనిషి పక్కనే ఉండి దక్కకుండా పోయిందని సన్నిబాబుకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆ ప్రశ్న మాస్టారు చెప్పలేదు" అన్నాడు చివరికి.

"తెలియును. అందుకే నా కోపము."

"ఒక్కరోజు కూడా అనుకోలేదే. ఒట్టు. కానీ ఆ మాట చెబితే నిన్ను పంపేసేవాళ్ళు. నువ్వుండాలంటే నువ్వు పోవాలని చెప్పాలి. నన్నేం చెయ్యమంటావు?"

ఇంద్రాణి అతనివైపు తిరిగింది. "ఒకటి అడిగెదను. షాపు తీయునప్పుడు మరీ యంటిరి. అదెక్కడినుండి వచ్చినది? అంత గబుక్కున ఎవరికిని కల్పన రాదు."

సన్నిబాబు తల దించుకున్నాడు. "పొద్దున్న షాపు తీస్తున్నప్పుడు నీ గురించే అనుకుంటాను. ఇంటి దగ్గర ఒక్కర్తీ ఏం చేస్తోందో, మధ్యాహ్నం దాకా చూడకుండా ఎలాగా అని. గభాల్న అబద్ధం చెప్పాల్సొస్తే అతికించడానికి నా దగ్గర ఆ నిజం ముక్కే ఉంది."

ఆమె సోడా తీసుకుని సగం తాగి మిగతాది అతనికిచ్చింది. తర్వాత పత్రం అందుకుని, బళ్ళో అలవాటు చొప్పున, మొదటి అక్షరం నించి చివరి ముద్రదాకా చదివింది. చదివి, భర్తకి కాస్త దూరంగా జరిగి కూర్చుంది.

పత్రం వెనకవైపు షరతులున్నాయి. సదరు దంపతులు పరీక్షలో కనబరచిన సహజ స్థాయిని నిరంతరము కొనసాగించవలెను. ఏటేటా తనిఖీ జరుగును. దంపతులు అతిగా నవ్వుకొనుచున్నట్లు గానీ, ఒకరినొకరు ఆదరముగా చూచుకొనుచున్నట్లు గానీ ఎవరి దృష్టికైనా వచ్చినచో దిగువ నంబరుకు తెలియజేయవచ్చును. విచారణానంతరము పత్రము రద్దగును.

అలా మొదలైంది వాళ్ళ అసలు కాపురం. పొద్దున్న సన్నిబాబు షాపుకి బయల్దేరేటప్పుడు ఇంద్రాణి గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా తిట్టేది. తిట్టడం అయ్యాక టిఫిను డబ్బా నేలమీద టప్పున పెట్టేది. మూత తీస్తే నెయ్యి వేసిన ఉప్మా మీద జీడిపప్పు పేర్చి ఉండేది. సాయంత్రం వచ్చేటప్పుడు సన్నిబాబు మల్లెపూలని కరెంటు బిల్లులో చుట్టి, ఆ బిల్లు చూపించి గుమ్మంలో అరిచి, లోపలికి విసిరేవాడు. ఎర్నమ్మ అరుగుమీద కూర్చుని అన్నీ చూసేది. వాళ్ళెప్పుడైనా తగ్గితే, "ఏటమ్మా, ఇయ్యాల గొంతు పైకి లెగనేదు" అని హెచ్చరించేది. పెళ్ళయి ఇన్నాళ్ళయినా వాళ్ళు దొంగచాటుగా కలుసుకునే పడుచుజంటలా బతికారు. ఆ బతుకు సన్నిబాబుకి భయంగానూ ఉండేది, బాగానూ ఉండేది.

మొదటి తనిఖీ దగ్గరపడుతున్న రోజుల్లో కార్యాలయం ఇంకో ఉత్తర్వు తీసింది. దాన్ని జిరాక్సు తీసింది సన్నిబాబే. ఇతరుల కాపురముల సహజత్వమును నిర్ధారించు సిబ్బంది తమ కాపురముల యందు ఆ సహజత్వమును పాటింపకుండుట కార్యాలయ గౌరవమునకు భంగకరము. కావున పైన ఉదహరించిన షరతులు, ఫిర్యాదు నంబరుతో సహా, సిబ్బందికిని వర్తించును. కాపీలు తీస్తూ సన్నిబాబు ఒకటికి రెండుసార్లు చదివాడు. ఎప్పుడూ లేనిది, ఆ వారం ఆఫీసు గేటులోంచి నవ్వు ముఖంతో ఎవరూ బయటికి రాలేదు.

ఆ ఆదివారం ఇద్దరూ సముద్రం దగ్గరికి వెళ్ళాలనుకున్నారు. ఒకే బస్సులో ముందొకరూ వెనకొకరూ కూర్చుని, ఊరు దాటాక వేరు వేరు స్టాపుల్లో దిగి, మనుషులు తిరగని సరుగుడు తోట దగ్గర కలుసుకున్నారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని రెండడుగులు వేశారో లేదో, బోర్లించిన పడవ అవతల ఎవరిదో నవ్వు వినిపించింది.

ఇసకలో పేపరు పరుచుకుని ఒక పెద్దాయన ఉడికించిన వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఒలిచినవన్నీ పక్కనున్న ఆవిడ అరచేతిలో పోస్తున్నాడు. ఆవిడ ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటూ, అతను చెప్పే ఏదో కబురుకి కిలకిలా నవ్వుతోంది. పెద్దాయన నెత్తిన టోపీ ఉంది. కళ్ళజోడుకి గొలుసుంది.

భవానీశంకరం గారు తలెత్తారు. ఆయన చేతిలో కాయలు ఇసకలో పడిపోయాయి. ఒక క్షణం నలుగురూ కదల్లేదు.

ముందు తేరుకున్నవాడు ఆయనే. "వీనిలో ఉప్పెక్కడ?" అని భార్యమీద విరుచుకుపడ్డారు. "ఎన్ని సంవత్సరములనుండి చెప్పుచున్నాను? నీ బుద్ధి మారదా?"

సన్నిబాబు చటుక్కున ఇంద్రాణి చెయ్యి వదిలేసి, "గొడుగు తెమ్మన్నానా లేదా? నీకేది చెప్పినా ఇంతే" అన్నాడు. "నువ్వు మోసుకురానేకపోనావా?" అంది ఇంద్రాణి. అవతల భవానీశంకరం గారు భార్య పుట్టింటివాళ్ళ దగ్గరికి పోయారు. ఇవతల సన్నిబాబు కిందటేడు పోగొట్టుకున్న తాళంచెవి దగ్గరికి వచ్చాడు. ఎవరి పెళ్ళాన్ని వాళ్ళు తిడుతూ ఎదుటి జంటకేసి బెదురు చూపులు చూసుకున్నారు.

భవానీశంకరం గారి భార్య మాత్రం తిరిగి ఒక్క మాటా అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమో పాపం అనుకున్నాడు సన్నిబాబు. కొంగు జారితే తెలిసింది, ఆవిడ నవ్వాపుకోలేకపోతోంది. ఆగక ఆగక ఒక్కసారి పైకే నవ్వేసింది.

ఒడ్డువెంట దూరంగా నలుగురైదుగురు ఫోన్లు పట్టుకుని ఇటే నడిచొస్తున్నారు. భవానీశంకరం గారు వాళ్ళని చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. భార్య పక్కన కూలబడి, సన్నిబాబు ఎన్నడూ వినని గొంతుతో, అందరిలాంటి తెలుగులో బతిమాలాడు.

"నవ్వకే. నీకు పుణ్యముంటుంది. నాకింకా మూడేళ్ళ సర్వీసుంది."

ఆవిడకి ఇంకా నవ్వొచ్చింది.

తన పెట్టె సర్దించబోయిన మనిషిని ఇంద్రాణి ఒక్క క్షణం తేరిపార చూసింది. సన్నిబాబుకి అతనిమీద మొదటిసారి జాలేసింది. ఇంద్రాణికి కూడా వేసినట్టుంది. వచ్చేవాళ్ళకీ ఆ పడవకీ మధ్యకి నడిచి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నడుంమీద చేతులు వేసుకుని మొగుడివైపు తిరిగింది.

"ఏటి సూస్తన్నావు అలగ?" అని ఎత్తుకుంది. సముద్రం హోరుని మించిపోయింది ఆమె గొంతు. నడిచొస్తున్నవాళ్ళు ఆగి, పాపం ఎవరి కాపురమో అనుకుని మర్యాదగా వెనక్కి తిరిగారు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఇంద్రాణి తిడుతూనే ఉంది. పడవ వెనక ఆవిడ కడుపునిండా నవ్వుకుంది.